రొట్టె వంతు

ఎర్రగుంట్ల,
14 జూలై 2025.

అవ్వకు, క్రిస్టినా వందనాలు.

మేమిద్దరం బాగున్నాం. మొన్న ఫోన్ చేస్తే, "వాక్యం సంగతి ఫోన్‌లో మాట్లాడను. అధ్యాయం తెరవకుండా నోటికొచ్చింది చెప్పే అలవాటు నాకు లేదు. కాగితం మీద రాసి పంపు" అని పెట్టేశావు. అందుకే రాస్తున్నాను. పెళ్ళయి ఈ ఊరికి వచ్చిన రెండేళ్ళలో నేను రాసే మొదటి ఉత్తరం ఇది. చేతిరాత చూసి తిట్టుకోవద్దు.

మా సంఘం పాస్టరు ఏసన్న అయ్యగారు నాకు సండే స్కూలు అప్పగించారు. పద్నాలుగు మంది పిల్లలు. సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగ్ చేసేవాళ్ళ పిల్లలు, లారీ డ్రైవర్ల పిల్లలు. ఆగస్టు పదిహేనున క్విజ్ పెట్టాలి. వీళ్ళు అడిగే వాటికి నాకే జవాబులు తెలియడం లేదు.

నిస్సీ అని ఏడేళ్ళ పిల్ల ఉంది. మా స్త్రీల సమాజం పెద్ద ఓబులమ్మక్క మనవరాలు. దేవుడు ఆదాము పక్కటెముక తీసి హవ్వను చేశాడు, అందుకే మగవాళ్ళకు ఒక ఎముక తక్కువ అని చెప్పాను. మరుసటి వారం వచ్చి, "టీచర్, మా జేజినాయన ఎముకలు లెక్కబెట్టినా. ఆయప్ప ఎండుకట్టె మాదిరి ఉంటాడు, బాగా కనపడతాయి. ఈ పక్క పన్నెండు, ఆ పక్క పన్నెండు. నువ్వు చెప్పేది అబద్ధం" అంది. అందరూ నవ్వారు. నేను కూడా ఇన్నాళ్ళూ తక్కువే అనుకుంటున్నాను అవ్వా. ఏది నిజం?

హవ్వ తిన్నది ఆపిల్ పండేనా? క్రిస్మస్ నాటకంలో జ్ఞానులు ముగ్గురే ఎందుకు? ఇంకొకటి, పాత నిబంధనలో కుష్ఠు అంటే ఏ జబ్బు? తెల్లమచ్చలన్నీ అదేనా?

ఆగస్టు మొదటి ఆదివారం ప్రభు బల్లకు రొట్టె చేసే వంతు నాది. ఈ సంఘంలో రొట్టె కొనరు. నెలకు ఒక ఇంటి ఆడమనిషి ఆ పొద్దున్నే లేచి, పులవని పిండితో చేసి, తెల్లగుడ్డలో చుట్టి తెస్తుంది. అయ్యగారు దాన్నే విరిచి సంఘమంతటికీ పంచుతారు. నా వంతు రావడానికి ఏడాదిన్నర పట్టింది.

తొందరగా జవాబు రాయి.

నీ మనవరాలు
క్రిస్టినా


కల్లూరు, కర్నూలు,
19 జూలై 2025.

క్రిస్టినాకు, అవ్వ దీవించి రాయునది.

నీ ఉత్తరం పదిహేడో తేదీ గురువారం పగలు పదకొండింటికి అందింది. ప్రశ్నలు నాలుగు. అక్షర దోషాలు ఆరు. ఎర్ర సిరాతో గుర్తు పెట్టి ఉంచాను, వచ్చినప్పుడు చూద్దువు.

ఆ నిస్సీకి నా తరఫున ఒక పెన్సిలు బహుమతి ఇవ్వు. నువ్వు విన్నది చెప్పావు, అది లెక్కబెట్టి చూసింది. ఆదికాండం రెండో అధ్యాయంలో దేవుడు ఆదాముకు ఒక పక్కటెముక తీశాడని ఉంది. ఆదాము కొడుకులకు, మనవళ్ళకు తీశాడని లేదు. పొలంలో కొడవలి తగిలి వేలు పోయిన రైతుకు పుట్టే బిడ్డలందరూ తొమ్మిది వేళ్ళతో పుడతారా? మీ తాతకు చూపుడువేలు సగమే ఉండేది. మీ నాన్న హెన్రీకి పది వేళ్ళూ ఉన్నాయి. పని చేసేది మాత్రం వాటిలో సగమే.

హవ్వ తిన్నది పండు. ఏ పండో రాయలేదు. ఆపిల్ బొమ్మలు వేసినవాళ్ళది, మోషేది కాదు. జ్ఞానులు ఎంతమందో మత్తయి చెప్పలేదు. కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురే అని మనం లెక్క కట్టుకున్నాం. పైగా వాళ్ళు వచ్చింది పశువుల పాకకు కాదు, ఇంటికి. రెండో అధ్యాయం పదకొండో వచనం. మీ నాటకంలో గొర్రెల కాపరులనూ జ్ఞానులనూ ఒకే పాకలోకి తోస్తారు కదా, అదీ తప్పే. ముగ్గురు పిల్లలకే కిరీటాలు దొరికాయంటే ముగ్గురినే నిలబెట్టు. అయితే "ముగ్గురు" అని నోటితో అనకు.

అడగకపోయినా ఇంకొకటి చెబుతాను. మగ్దలేనే మరియ చెడ్డ నడతగల ఆడమనిషి అని ఎక్కడా లేదు. ఆమెను ఏడు దయ్యాలు వదిలాయని మాత్రమే లూకా రాశాడు. పక్క అధ్యాయంలో పేరులేని ఒక పాపాత్మురాలు ఉంటే, ఆ నింద తెచ్చి ఈమె మీద వేశారు. ఆడమనిషికి పేరు తగిలిస్తే అది వందల ఏళ్ళకు కూడా ఊడదు.

ఇక నాలుగోది. లేవీయకాండంలో ఆ పేరుతో చెప్పినది ఒక్క జబ్బు కాదు. అది బట్టలకు వస్తుందని పదమూడో అధ్యాయంలో, ఇంటి గోడలకు వస్తుందని పద్నాలుగులో ఉంది. గోడకు కుష్ఠురోగం వస్తుందా? చర్మం మీద వచ్చే ఎన్నో రకాలకు, చివరికి బూజుకు కూడా ఒకే మాట వాడారు. అంతవరకు జవాబు.

ఇప్పుడు నేను అడుగుతాను. మొదటి మూడూ పిల్లల ప్రశ్నలు. నాలుగోది పిల్లలది కాదు. ముప్పై నాలుగేళ్ళు పిల్లల ప్రశ్నలు విన్నదాన్ని. ఏ పిల్లా "తెల్లమచ్చలన్నీ అదేనా" అని అడగదు. మచ్చ ఉన్న మనిషి అడుగుతుంది. ఎవరు ఆ మనిషి? ఉన్నదున్నట్టు రాయి.

అవ్వ
లూదియమ్మ


ఎర్రగుంట్ల,
26 జూలై 2025.

అవ్వా,

ఆ మనిషిని నేనే.

నిరుడు దసరా సెలవులప్పుడు కుడిచేతి చూపుడువేలు మీద చిన్న చుక్క వచ్చింది. ఇప్పుడు రెండు చేతుల వేళ్ళ మీదా, ముంజేతుల మీదా ఉన్నాయి. కడపలో డాక్టరుకు చూపించాం. బొల్లి అన్నాడు. ఒకరి నుంచి ఒకరికి అంటదు, ప్రాణానికేమీ కాదు, పోవచ్చు పోకపోవచ్చు అన్నాడు. నాన్నకు చెప్పలేదు. నీకు చెప్పలేదు. ఎండకాలమంతా పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని, వేళ్ళు కొంగు కింద దాచుకున్నాను.

రొట్టె వంతు నాదని రాశాను చూడు, అదీ అబద్ధమే. ఆ ఉత్తరం రాసేటప్పటికే వంతు పోయింది. జూలై పదకొండు శుక్రవారం స్త్రీల సమాజంలో పాటల పుస్తకాలు పంచుతుంటే జాకెట్టు చెయ్యి పైకి జరిగి మచ్చలు కనపడ్డాయి. ఓబులమ్మక్క పుస్తకం తీసుకోలేదు. నా చెయ్యే పట్టుకుంది.

"ఏమ్మే క్రిస్టినా, ఇదేమిది?"

"బొల్లి అక్కా. కడపలో చూపించినాము. అంటుకునేది కాదంట."

"డాక్టరు వాక్యం చదివినాడా? గేహజీకి కుష్ఠు యాడ మొదులైంది? చేతుల్లోనే గదా. నయమాను దగ్గర దొంగతనంగా తీసుకున్న చేతులు గదా అవి."

"నేనేం తీసుకున్నా అక్కా?"

"అది నీకూ ప్రభువుకూ తెలియాల. నాకు నీమీద కోపం లేదు మే. బల్ల మీదికి పొయ్యే రొట్టె అది. ఈసారి నీ వంతు నేను చేస్తా. మచ్చలు పోయినాక నువ్వు చేద్దువులే."

ఇవన్నీ ఆమె అరిచి చెప్పలేదు. మెల్లగా, జాలిగా చెప్పింది. అదే నాకు ఎక్కువ తగిలింది. నా పక్కన కూర్చున్న నాగక్క మాత్రం తన మంచినీళ్ళ గ్లాసు ఇటు నుంచి అటు జరుపుకుంది. ఏసన్న అయ్యగారిని అడిగితే, "కొన్నాళ్ళు ఓర్చుకో అమ్మా, సమాధానంగా పోదాం" అన్నారు. మా ఆయన యేసుప్రసాద్ అయితే వేరే సంఘానికి పోదాం పద అంటున్నాడు.

నేను చెప్పే ప్రతిదానికీ ఓబులమ్మక్కది ఒకటే జవాబు: "మా కోసిగిలో సండే స్కూలు టీచరమ్మ చెప్పింది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు." నలభై ఏళ్ళ కింద చెప్పిన మాటను ఇంకా మోస్తోంది. నువ్వూ ఒకప్పుడు ఆ పక్క పనిచేశావు కదా, ఆ మహాతల్లి ఎవరో నీకేమైనా తెలుసా? దొరికితే నాలుగు మాటలు అడగాలని ఉంది.

నాకు ఓబులమ్మక్క మీద గెలవాలని లేదు అవ్వా. రాత్రి పగలు ఒకటే ఆలోచన. ఇంటర్‌లో ఉన్నప్పుడు మధులత నోటు పుస్తకం చింపి, నేను కాదన్నాను. అమ్మ పర్సు గురించి ఒకసారి అబద్ధం చెప్పాను. ఇట్లా ఒక్కొక్కటీ తవ్వుకుంటున్నాను, వీటిలో ఏది అని. ఇది శిక్షే అనడానికి వాక్యంలో ఏమైనా ఉందా? నువ్వు చెబితే నమ్ముతాను. ఉంది అంటే ఉంది, లేదంటే లేదు.

క్రిస్టినా


కల్లూరు,
31 జూలై 2025.

క్రిస్టినాకు,

లేదు.

జవాబు మొదట రాశాను. కారణాలు కింద రాస్తున్నాను. ప్రతిదానికీ వచనం చూసే రాస్తున్నాను, నువ్వూ పక్కన పుస్తకం పెట్టుకుని చదువు.

లేవీయకాండం పదమూడు, ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. మగవాడికి గానీ ఆడదానికి గానీ చర్మం మీద తెల్లటి మచ్చలు లేస్తే యాజకుడు చూడాలి. అవి మసక తెలుపుగా ఉంటే అది ఒట్టి పొక్కు, ఆ మనిషి శుద్ధంగానే ఉన్నట్టు. ఆడదానికి గానీ అని విడిగా రాసి ఉంది చూడు. అది సరిగ్గా నీ బొల్లి అని నేను చెప్పను, మూడు వేల ఏళ్ళ కిందటి మచ్చను చూసిన డాక్టరు ఎవరూ లేరు. తెల్లగా ఉన్నదంతా కుష్ఠు కాదని ఆ ధర్మశాస్త్రమే చెప్పిందని మాత్రం చెబుతాను.

ఒకవేళ నీకు వచ్చింది నిజంగా కుష్ఠే అయినా, అదొక క్రిమి. సర్కారు ఆసుపత్రిలో మాత్రలు ఉచితంగా ఇస్తారు, నయమవుతుంది. అదీ పాపం కాదు. నిన్ను కాపాడడానికి ఆ రోగులను తోసెయ్యడం నాకు ఇష్టం లేదు.

ఎలీషా ప్రవక్త పనివాడు గేహజీ, ప్రవక్త బాగుచేసిన నయమానుకు అబద్ధం చెప్పి కానుకలు తీసుకుంటే, నయమానుకు పోయిన కుష్ఠు అతనికి వచ్చింది. అది శిక్షే, కాదనను. రెండో రాజులు, ఐదో అధ్యాయం. ఒక మనిషికి, ఒక పనికి, ఒక రోజు చెప్పిన మాట అది. చర్మం మీద మచ్చ వచ్చిన ప్రతి మనిషికీ అని లేదు. అదే అధ్యాయంలో నయమాను ఏ పాపం చేశాడని ఆ జబ్బు వచ్చింది? రాయలేదు. ఆ జబ్బుతోనే సేనకు అధిపతిగా ఉన్నాడు. ఎనిమిదో అధ్యాయంలో గేహజీ రాజు ముందు నిలబడి మాట్లాడుతున్నాడు. ఈ అధ్యాయాలు జరిగిన వరుసలోనే ఉన్నాయా అని పండితులకు పేచీ ఉంది, అందుకని దానిమీద ఎక్కువ బరువు వెయ్యను. చేతుల్లో మొదలైందని మాత్రం ఎక్కడా లేదు. మూడుసార్లు చదివాను. ఆ మాట ఎక్కడ పుట్టిందో నాకు అర్థం కాలేదు.

పుట్టుగుడ్డిని చూపించి, వీడు చేశాడా పాపం, వీడి తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగారు. ఇద్దరూ కాదు అన్నాడు ప్రభువు. యోహాను తొమ్మిది. నువ్వు తవ్వుకుంటున్న ఆ నోటు పుస్తకానికీ నీ వేలికీ సంబంధం లేదు. మధులతకు క్షమాపణ చెప్పావా? చెప్పకపోతే చెప్పు. అది వేరే ఖాతా.

ఇక రొట్టె సంగతి. మార్కు పద్నాలుగు, మూడు. బేతనియలో ప్రభువు భోజనానికి కూర్చున్నది ఎవరింట్లో? కుష్ఠురోగి అని పేరున్న సీమోను ఇంట్లో. అతడు అప్పటికి బాగుపడ్డాడో లేదో రాయలేదు, పేరు మాత్రం ఊడలేదు. ఆ ఇంటి రొట్టె ప్రభువుకు పనికొచ్చింది.

సంఖ్యాకాండం పన్నెండు కూడా చదువు. మోషే అక్క మిర్యాముకు కుష్ఠు శిక్షగానే వచ్చింది. ఏడు రోజులు పాళెం బయట ఉంచారు. ఆమెను మళ్ళీ లోపలికి తెచ్చేదాకా ఆ జనమంతా ఒక్క అడుగు ముందుకు కదలలేదు. మన పాస్టర్లు శిక్ష దాకా చెప్పి ఆపుతారు. ఆ చివరి వచనం దాకా ఎవరూ పోరు.

పొడుగు చేతుల జాకెట్టు మానెయ్. ఎర్రగుంట్లలో ఆ ఎండకు, ఆ సిమెంటు దుమ్ముకు చెమటపొక్కులు కూడా తోడవుతాయి.

ఒక పని చెయ్యి. ఓబులమ్మ తండ్రి పేరు, ఆమె వయసు కనుక్కుని రాయి. నేను కోసిగిలో ఆరేళ్ళు పనిచేశాను. ఎందుకని ఇప్పుడు అడగవద్దు.

అవ్వ


ఎర్రగుంట్ల,
9 ఆగస్టు 2025.

అవ్వా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. మొదటి మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. మధులతకు ఫోన్ చేశాను. దానికి ఆ నోటు పుస్తకం గుర్తే లేదు, "నీకేమైనా పిచ్చా" అంది.

మూడో తేదీ రొట్టె ఓబులమ్మక్కే చేసింది. నేను వెనక వరసలో కూర్చున్నాను. పళ్ళెం వచ్చింది. తీసుకుందామని చెయ్యి చాపాను, పక్కనామె చెయ్యి చూసింది. నేను తీసుకోకుండా పళ్ళెం ముందుకు పంపేశాను. నువ్వు కోప్పడతావని తెలుసు.

ఆరాధన అయ్యాక ధైర్యం చేసి లేవీయకాండం తీసి ఓబులమ్మక్కకు చూపించాను. ఆమె కూడబలుక్కుని రెండు వచనాలూ చదివింది. పుస్తకం మూసింది.

"నువ్వు కాగితం మీద నేర్చుకున్నావు పాపా. నాకు చేతి మీదనే నేర్పింది మా టీచరమ్మ. కాగితమన్నా మర్సిపోతాది గానీ చెయ్యి మర్సిపోతాదా?"

దానికి అర్థం ఏమిటో నాకు తెలియలేదు. మొండి మనిషి. నిస్సీని సండే స్కూలు మాన్పించింది. ఆ పిల్ల కిటికీ బయట నిలబడి పాటలు పాడుతోంది.

నువ్వడిగినవి: తండ్రి పేరు మారెన్న. వయసు నలభై తొమ్మిది అంట. చిన్నప్పుడే వాళ్ళు కోసిగి నుంచి వలస వచ్చేశారంట. ఎందుకు అవ్వా?

క్రిస్టినా


కల్లూరు,
18 ఆగస్టు 2025.

క్రిస్టినాకు,

ఉత్తరం పదమూడున అందింది. ఐదు రోజులు ఆలస్యం చేశాను. నా అలవాటు కాదని నీకు తెలుసు.

నేను ప్రతి ఆదివారం పాఠానికీ రిజిస్టరు రాసేదాన్ని. ఇనప్పెట్టెలో ముప్పై నాలుగు పుస్తకాలున్నాయి. మీ నాన్నతో పెట్టె దింపించి, 1985 పుస్తకం తీయించాను. అందులో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"22-9-1985, ఆదివారం. హాజరు 23. పాఠం: గేహజీ, రెండో రాజులు 5. కంఠస్థ వాక్యం అప్పగించినవారు 19. మారెన్న కూతురు ఓబులమ్మ, తొమ్మిదేళ్ళు, బిస్కట్లు రెండుసార్లు తీసుకుని ఒకసారే అని చెప్పింది. చేతికి సున్నం. పాఠం బాగా నాటుకుంది."

ఆ వారం బడి గోడలకు సున్నం కొడుతున్నారు. వసారాలో బకెట్టు ఉంది. పాఠం మధ్యలో ఆ పిల్లను పిలిచి, బిస్కట్లు తీసుకున్న కుడిచేతికి కుంచెతో ముంజేతి దాకా సున్నం పూశాను. అది ఎండేదాకా బల్ల మీద నిలబెట్టాను. "గేహజీ చెయ్యి ఇట్లే అయింది, చూడండి" అన్నాను. పిల్లలందరూ "గేహజీ, గేహజీ" అని అరిచారు. ఆపలేదు. అది ఏడవలేదు. నేను దాన్ని పశ్చాత్తాపం అనుకున్నాను.

చేతుల్లో మొదలైందనే మాట ఎక్కడ పుట్టిందో అర్థం కాలేదని నీకు రాశాను. ఇప్పుడు అర్థమైంది. వాక్యంలో అది లేదు. అది నా సున్నం.

అక్టోబరు పదమూడు నుంచి ఓబులమ్మ పేరు ఎదురుగా గైరుహాజరు రాసి ఉంది. కారణం: వలస. రాకపోతే కారణం రాశాను. రెండోసారి బిస్కట్టు ఎందుకు తీసుకుందో కారణం అడగలేదు. ఎలీషా కూడా గేహజీని శిక్షించేముందు, ఎక్కడికి పోయి వచ్చావని ఒక్క ప్రశ్న అడిగాడు. ఆ పాఠం చెబుతూ కూడా నాకు ఆ ప్రశ్న కనపడలేదు.

నువ్వు ఆమెను మొండి మనిషి అన్నావు. ఆ మాట వెనక్కి తీసుకో. నేను నాటిందే ఆమెలో మొలిచింది. నలభై ఏళ్ళు తన చెయ్యి చూసుకుంటూ బతికిన మనిషి నీ చెయ్యి చూసి భయపడకుండా ఎట్లా ఉంటుంది? ఆ మహాతల్లి దొరికితే నాలుగు మాటలు అడగాలన్నావు. అడుగు. నేను జవాబు చెప్పాల్సినదాన్నే.

దీనితో ఇంకొక కవరు పెట్టాను. అంటించి ఉంది. అది ఓబులమ్మ చేతికి ఇవ్వు. నువ్వు చదవవద్దు, చదివి వినిపించవద్దు. ఆమె కూడబలుక్కునైనా తనే చదువుకోవాలి. పెద్ద అక్షరాలతో రాశాను.

అవ్వ


కల్లూరు,
18 ఆగస్టు 2025.

ఓబులమ్మకు,

నేను కోసిగి టీచరమ్మను, లూదియమ్మను. క్రిస్టినా నా కొడుకు కూతురు. ఈ సంగతి క్రిస్టినాకు కూడా ఇప్పుడే తెలిసింది. దానిమీద కోపం పెట్టుకోవద్దు.

1985 సెప్టెంబరు 22న నీ చేతికి సున్నం పూశాను. అది తప్పు. తొమ్మిదేళ్ళ పిల్ల రెండు బిస్కట్లు తీసుకోవడం గేహజీ పాపం కాదు. చర్మం మీద తెలుపు పాపానికి గుర్తు అని నేను చెప్పింది వాక్యంలో లేదు. పిల్లలు నీకు పేరు పెడుతుంటే ఊరుకున్నాను. అన్నిటికంటే పెద్ద తప్పు అది.

అబద్ధం చెప్పే మనిషిని కాదని నువ్వు నా గురించి అన్నావట. నేను తెలిసి చెప్పలేదు. తెలియక చెప్పినదీ అబద్ధమే, విన్నవాళ్ళకు బరువు ఒకటే.

నన్ను క్షమించమని అడుగుతున్నాను. క్రిస్టినా వంతు గురించి నేనేమీ అడగను. అది అడగడానికి ఈ ఉత్తరం రాశానని నువ్వు అనుకోకూడదు.

ఆ రోజు అడగని ప్రశ్న ఇప్పుడు అడుగుతున్నాను. రెండోది ఎందుకు తీసుకున్నావు?

లూదియమ్మ


ఎర్రగుంట్ల,
29 ఆగస్టు 2025.

అవ్వా,

నీ ఉత్తరం చదివి నాకు నీమీద కోపం వచ్చింది. రెండు రోజులుంది. మూడోనాడు, 1985 పుస్తకం ముందు కూర్చున్న నిన్ను తలుచుకుంటే కోపం నిలబడలేదు. నాలుగు మాటలు అడగాలనుకున్నాను. ఒక్కటీ మిగల్లేదు.

కవరు ఓబులమ్మక్క ఇంటికి తీసుకుపోయి ఇచ్చాను. వాకిట్లో అలసందలు వలుస్తోంది. వాళ్ళాయన గిడ్డయ్య మామ షిఫ్టుకు బయలుదేరుతున్నాడు. కవరు మీద నీ అక్షరాలు చూడగానే ఆమె చేతులు పైటకు తుడుచుకుంది. "ఈ రాత నాకు తెలుసు. బోర్డు మీద ఇట్లే రాస్తాండె" అంది.

ఒక్కో మాటా వేలు పెట్టి చదివింది. అరగంట పట్టింది. గిడ్డయ్య మామ, "ఏందిమే అది, కోర్టు కాగితమా?" అని రెండుసార్లు అడిగి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆమె చదవడం అయ్యాక కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. కుడిచెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత నవ్వింది అవ్వా. నవ్వుతూనే ఉంది, కళ్ళ నీళ్ళు కారుతున్నాయి.

"ఎవురికీ చెప్పలే. ఆయప్పకు గూడా చెప్పలే" అంది.

నేను ఇంకా ఏమైనా అంటుందేమో అని కూర్చున్నాను. "పో పాపా, చీకటి పడతాది" అంది. రొట్టె మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. సెప్టెంబరు ఏడున రొట్టె ఎవరు చేస్తారో చెప్పలేదు.

ఆ రోజు నేను పోను అవ్వా. పళ్ళెం ఇంకోసారి దాటించలేను. నా సంగతి వాక్యంలో శుభ్రంగానే ఉందని నాకు తెలుసు. అంతమంది కళ్ళ ముందు చెయ్యి చాపడం వేరే సంగతి.

క్రిస్టినా


కల్లూరు,
3 సెప్టెంబరు 2025.

క్రిస్టినాకు,

పొమ్మని ఆజ్ఞాపించాలని కలం తీశాను. ముప్పై నాలుగేళ్ళు ఆజ్ఞాపించాను, ఫలితం రిజిస్టరులో చూశాను. కాబట్టి ఈసారి అడుగుతున్నాను. పోగలిగితే పో. పోలేకపోతే ఇంట్లోనే ఉండి నాకు ఉత్తరం రాయి. ఏది చేసినా నువ్వు నా మనవరాలివే.

జాకెట్టు సంగతి మాత్రం ఆజ్ఞే.

అవ్వ


ఎర్రగుంట్ల,
9-9-2025

టీచరమ్మకు ఓబులమ్మ వందనాలు చెప్పి రాసేది.

నేను రాసి శానా ఏండ్లయింది. నిస్సీ పక్కన కూర్చోని దిద్దుతాంది. తప్పులుంటే దాని తప్పులు.

మీ కాగితం దినామూ చదివినా. సున్నం ఆ పొద్దే కడిగేస్తి అమ్మా. పేరే పోలే. కోసిగిలో గేహజీ అన్నారు. గుంటూరు పక్క మిరపకాయల పనికి పోతే ఆడికీ మావోళ్ళ పిల్లోళ్ళే వచ్చిరి, ఆడా గేహజీ అన్నారు. పెండ్లయినాక గూడా పొద్దున లేస్తానే చెయ్యి చూసుకుంటాంటి. యాడన్నా తెల్లగైందేమో అని. మీ క్రిస్టినా పాప చెయ్యి చూసినప్పుడు నా చెయ్యే చూసినట్టయింది. అందుకే పట్టుకుంటి.

ఆదివారం నేను రొట్టె చేయలే. తొమ్మిదిన్నరకు అయ్యగారు బల్ల మీద గుడ్డ తీసి చూసి, "ఓబులమ్మా, రొట్టె యాడ?" అన్నాడు. నేను లేసి చెప్తి. "చేసేటామె ఇంకా రాలేదయ్యా. ఆమె వచ్చేదాకా మనం కదిలేది లేదు. మిర్యాము కోసం అంత జనం ఏడు దినాలు కూచున్యారంట, మనం ఒక గంట కూచోలేమా?" మిర్యాము సంగతి ముందే పాప చెప్పింటె, మీరు రాసినారంట. అంతకుముందు వారమంతా పదకొండు సార్లు పాప ఇంటి ముందుకు పోయి పిలవలేక వెనక్కి వస్తి, ఆ లెక్క నిస్సీకి తెలుసు.

అప్పుడే అందరికీ సున్నం సంగతి చెప్తి. అందరి ముందర అన్న మాట, అందరి ముందరే ఎనక్కి తీసుకోవాల గదా. మీ పేరు చెప్పలే. మా టీచరమ్మ రాసింది, తప్పు దిద్దింది అని మాత్రం చెప్తి.

ఆన్నించి నేనూ నిస్సీ పిండి డబ్బా ఎత్తుకోని పాప ఇంటికి పోతిమి. తలుపు తీసి నన్ను చూసి, "ఏమక్కా?" అంది. "పొయ్యి ముట్టీ మే, సంఘమంతా ఆకలితో కూచోనుండారు" అంటి. అది ఏడ్సడం మొదులుపెట్టె. "ఏడుస్తే పిండిలో ఉప్పెక్కువైతాది" అంటి. నవ్వింది. ఇద్దరమూ కలిసి పిసికితిమి. నిస్సీ గూడా చెయ్యి పెట్టె. ముగ్గురి చేతులూ ముంజేతి దాకా తెల్లగైనాయి. నేను నా కుడిచెయ్యి అట్లే చూసుకుంటా నిలబడితి. పెనం కాలిపోతాంది అక్కా, అని పాప అరిచినాక తిరుక్కుంటి.

మేము పోయేసరికి వాళ్ళు ఏడు పాటలు పాడి, ఎనిమిదోది మళ్ళా మొదటిదే పాడతాండారు. పాప పొట్టి చేతుల జాకెట్టుతోనే వచ్చింది. బల్ల మీద రొట్టె అదే పెట్టె. నాగక్క తీసుకోకుండా లేసి పాయ. పోనీలే అమ్మా, నాకు నలభై ఏండ్లు పట్టె, ఆమెకు నాలుగు వారాలన్నా పట్టదా.

మీరడిగిన దానికి జవాబు. ఆ పొద్దు మా తమ్మునికి జ్వరం. మంచంలో ఉండె, బడికి రాలే. రెండోది వానికి. మీరు సున్నం పూసినప్పుడు ఆ బిస్కట్టు నా ఎడమచేతిలో ఉండె. గట్టిగా పట్టుకోని నిలబడితి, ఇరగకుండా ఇంటికి తీసకపోయినా. వాడిప్పుడు లారీ తోలతాడు, నూరు కేజీలుంటాడు.

మీ పుస్తకంలో అది రాసుకోండమ్మా.

ఓబులమ్మ


కల్లూరు,
15 సెప్టెంబరు 2025.

ఓబులమ్మకు,

నీ ఉత్తరం పన్నెండున అందింది. అక్షర దోషాలు లెక్కబెట్టలేదు. నిస్సీకి ఇంకొక పెన్సిలు ఇమ్మని క్రిస్టినాకు రాశాను.

1985 పుస్తకంలో, ఇరవై రెండో పేజీలో, పాత అక్షరాలు కొట్టేయకుండా వాటి కిందనే రాశాను. నువ్వు వచ్చి చూసుకోవచ్చు. నకలు ఇది.

"15-9-2025. పై పాఠం తప్పు. చెప్పినది లూదియమ్మ. దిద్దినది ఓబులమ్మ. బిస్కట్లు రెండు. ఒకటి తమ్మునికి."

లూదియమ్మ